నల్లగొండలో రెండు రోజుల జ్ఞాపకశక్తి శిబిరం: పద్ధతి మంచిది, వివరణ సగం తప్పు, సీసా అనవసరం

గత డిసెంబరులో ఒక శని, ఆదివారాల్లో నల్లగొండలోని ఒక ఫంక్షన్ హాలులో జరిగిన జ్ఞాపకశక్తి శిక్షణ శిబిరానికి, ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్న మా మనుమరాలితో కలిసి నేనూ వెళ్లాను. విద్యార్థికి 3,500 రూపాయలు, తోడు వచ్చిన పెద్దలకు 1,500 రూపాయలు రుసుము. పెద్దల రుసుములోనే ‘మతిమరుపు రాకుండా కాపాడుకోవడం ఎలా’ అనే గంటన్నర ప్రత్యేక తరగతి కూడా కలిసి ఉంటుందని కరపత్రంలో రాశారు. ముప్పై ఏళ్లకు పైగా జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి, ‘హిప్పోక్యాంపస్‌ను మేల్కొల్పే శిక్షణ’ అంటూ మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన భాగం పేరు కరపత్రంలో కనిపించగానే వెళ్లి చూడాలనిపించింది. నిర్వాహకుల పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి శిబిరాలు మన జిల్లాలో పరీక్షలకు ముందు ప్రతి ఏటా ఒకదాని వెంట ఒకటి జరుగుతూనే ఉంటాయి కనుక, ఏ శిబిరానికైనా వెళ్లదలచిన తల్లిదండ్రులకు ఈ నాలుగు మాటలు పనికి రావచ్చు.

మొదటి పొరపాటు మొదటి పది నిమిషాల్లోనే దొర్లింది. హిప్పోక్యాంపస్ అంటే ‘నీటిగుర్రం’ అని చెబుతూ శిక్షకుడు తెర మీద నోరు తెరిచిన హిప్పోపొటమస్ బొమ్మ వేశాడు. పిల్లలు నవ్వారు, నేను నవ్వలేకపోయాను. ఆ పేరు వచ్చింది సముద్రపు గుర్రం అనే చిన్న చేప నుంచి. పదహారో శతాబ్దంలో ఇటలీకి చెందిన శరీరశాస్త్రజ్ఞుడు అరాంజీ మెదడును కోసి చూసినప్పుడు, కణతల లోపలి వైపున వంపు తిరిగి ఉన్న ఆ భాగం ఆ చేపను తలపించడంతో ఆ పేరు పెట్టాడు. ఆ చేప ప్రజాతి పేరు కూడా హిప్పోక్యాంపసే అని జువాలజీ చదివిన పిల్లలకు తెలుసు. మెదడుకు రెండు పక్కలా ఒక్కొక్కటి చొప్పున, దాదాపు చిటికెన వేలంత ఉండే ఈ భాగం కోసం అంత పెద్ద జంతువును నీళ్లలోంచి లేపవలసిన అవసరం లేదు.

బొమ్మ సంగతి అటుంచితే, దాని వెనుక చెప్పిన మాట అంతకంటే ముఖ్యమైనది. హిప్పోక్యాంపస్ మన మెదడులోని హార్డ్ డిస్క్ అనీ, చదివినదంతా అందులోనే నిల్వ ఉంటుందనీ, శిక్షణతో దాని సామర్థ్యం పెరుగుతుందనీ శిక్షకుడు రెండు రోజుల్లో కనీసం ఆరేడు సార్లు అన్నాడు. ఇది నిజం కాదని తెలియజెప్పిన మనిషి వైద్య చరిత్రలో ఒకరున్నారు. బతికి ఉన్నంత కాలం శాస్త్ర పత్రికల్లో హెచ్.ఎం. అనే పొడి అక్షరాలతోనే ప్రస్తావించిన హెన్రీ మొలేసన్‌కు తీవ్రమైన మూర్ఛవ్యాధి ఉండేది. 1953లో, ఆయనకు ఇరవై ఏడేళ్ల వయసులో, విలియం స్కోవిల్ అనే శస్త్రవైద్యుడు రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగాన్ని, దాని చుట్టుపక్కల భాగాలను తొలగించాడు. మూర్ఛలు తగ్గాయి కానీ కొత్త జ్ఞాపకం ఏర్పడే శక్తి పోయింది. కాసేపటి క్రితం మాట్లాడిన మనిషి బయటికి వెళ్లి తిరిగి వస్తే, ఆయనకు కొత్త మనిషే. అయినా చిన్ననాటి సంగతులు చాలా వరకు చెప్పగలిగేవాడు. బ్రెండా మిల్నర్ అనే మనోవైజ్ఞానికురాలు ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించినప్పుడు రోజు రోజుకూ చేయి కుదురుకుంటూ వచ్చింది, కానీ ఆ పని అంతకు ముందు చేసినట్టు మాత్రం ఆయనకు గుర్తు లేదు. హిప్పోక్యాంపస్ హార్డ్ డిస్క్ అయితే, దాన్ని తీసేసిన తరువాత బాల్యం కూడా చెరిగిపోవాలి కదా.

మా మనుమరాలికి నేను చెప్పిన పోలిక వేరు. భూముల వివరాలు రాసే పాత పహాణీ పుస్తకంలో సర్వే నంబరు, హద్దులు, పట్టాదారు పేరు ఉంటాయి, పొలం ఉండదు. పొలం ఊరి బయట ఉంటుంది. ఒక సంఘటనలోని రంగులు, శబ్దాలు, వాసనలు మెదడు పై పొరల్లో వేర్వేరు చోట్ల నమోదవుతాయి. వాటన్నిటినీ ఒక్కటిగా కట్టి, ఫలానా దానితో ఫలానాది అని రాసి పెట్టే పహాణీ లాంటిది హిప్పోక్యాంపస్. చాలా ఏళ్లు గడిచిన తరువాత కొన్ని జ్ఞాపకాలకు ఆ పుస్తకం తెరవవలసిన అవసరం తగ్గిపోతుంది, ఊళ్లో అందరికీ తెలిసిన పొలానికి సర్వే నంబరు అడగనట్టు. పాత జ్ఞాపకాలకు ఆ పుస్తకం అవసరం పూర్తిగా తీరిపోతుందా అన్న విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య ఇప్పటికీ వాదం ఉంది. పహాణీ పుస్తకాలు పోయి ఆన్‌లైన్ రికార్డులు వచ్చాయి కదా తాతా అని ఆమె అడిగింది, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇక శిబిరంలో నేర్పిన అసలు పద్ధతి దగ్గరికి వస్తాను, ఎందుకంటే కట్టిన డబ్బుకు న్యాయం జరిగింది అక్కడే. తెలిసిన దారిని మనసులో నడుస్తూ, గుర్తుంచుకోవలసిన ఒక్కొక్క విషయాన్ని ఒక్కొక్క చోట బొమ్మగా పెట్టుకుంటూ పోవడం ఆ పద్ధతి. విందు జరుగుతున్న భవనం కూలినప్పుడు, ఎవరు ఎక్కడ కూర్చున్నారో తలచుకుంటూ మృతుల పేర్లు చెప్పిన గ్రీకు కవి సిమోనిడీస్ కథను శిక్షకుడు నిజంగా చాలా బాగా చెప్పాడు. మన అవధానులు చేసేది కూడా ఇదేనని అన్నాడు గానీ, ఆ మాట నేను ఒప్పుకోను. అవధానంలో ధారణకు ఛందస్సు, యతిప్రాసలు పట్టుకొమ్మలు. దారి వేరు, ఆ దారిలో దొరికే ఆసరా వేరు.

పిల్లలందరినీ తమ ఇంటి నుంచి బయలుదేరి ఇరవై చోట్లు ఎంచుకోమన్నారు. మేము ఉండేది రామగిరిలో. మా మనుమరాలు ఇంటి గేటు దగ్గర మొదలుపెట్టి క్లాక్ టవర్ దాకా ఇరవై చోట్లు ఎంచుకుని, ఇరవై అమైనో ఆమ్లాలను వాటి మీద పెట్టింది. రామాలయం ముందు చెట్టు చాటున వాలి నిలబడ్డాడు, కాబట్టి వాలీన్. నూనె దుకాణంలో లూజు నూనె డబ్బా ల్యూసిన్. ఏడో చోటు కిరాణా దుకాణం, అక్కడ గోడకు ఫ్రేము కట్టించి తగిలించిన లైసెన్సు కాగితం లైసిన్. ఆటోస్టాండులో ట్రిప్పు కోసం అరుస్తున్న డ్రైవరు ట్రిప్టోఫాన్. శనివారం మధ్యాహ్నం ఒక గంటలో ఇరవై పేర్లూ ముందు నుంచి వెనక్కు, వెనక నుంచి ముందుకు చెప్పింది. అంతకు ముందు వారం రోజులు వల్లె వేసినా పన్నెండు, పదమూడు దాటేది కాదు.

ఇది ఎందుకు పని చేస్తుందో శిక్షకుడు చెప్పలేదు. ‘కుడి మెదడు మేల్కొంటుంది’ అని ఊరుకున్నాడు. చెప్పి ఉంటే బైపీసీ పిల్లలకు ఆ గంట మరింత విలువైనదయ్యేది, ఎందుకంటే కారణం చాలా అందమైనది. 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్ అనే శాస్త్రజ్ఞుడు, తన విద్యార్థి దోస్త్రోవ్స్కీతో కలిసి, స్వేచ్ఛగా తిరుగుతున్న ఎలుక హిప్పోక్యాంపస్‌లో సన్నని తీగలు పెట్టి ఒక్కొక్క కణం స్పందనను విన్నాడు. ఎలుక ఫలానా మూలకు వచ్చినప్పుడు ఒక కణం, మరో మూలకు వెళ్లినప్పుడు మరో కణం చురుకవుతున్నట్టు తేలింది. వాటికి స్థల కణాలు అని పేరు. 2005లో నార్వేలో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ దంపతుల బృందం, హిప్పోక్యాంపస్‌కు సమాచారం అందించే పక్క భాగంలో, నేలంతా త్రిభుజాల వల పరచినట్టు సమాన దూరాల్లో స్పందించే జాలక కణాలను కనిపెట్టింది. ఈ ముగ్గురికీ 2014లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే సంఘటనలను కట్టిపెట్టే ఈ భాగానికి చోటును గుర్తుపట్టడం పుట్టుకతో వచ్చిన విద్య. అర్థం లేని పేర్ల జాబితాను దాని మీద రుద్దితే నిలవదు. అదే జాబితాను రామాలయానికీ కిరాణా దుకాణానికీ తగిలిస్తే, ముందే గీసి ఉన్న పటం మీద గుర్తులు పెట్టినట్టవుతుంది. ప్రపంచ స్థాయి జ్ఞాపకశక్తి పోటీల్లో రాణించినవారిని ఎలీనర్ మాగ్వైర్ అనే శాస్త్రజ్ఞురాలి బృందం పరీక్షించి 2003లో ప్రకటించిన ఫలితం కూడా ఇదే చెబుతుంది. వాళ్ల మెదడు నిర్మాణంలో ప్రత్యేకత ఏదీ కనిపించలేదు, తెలివితేటల పరీక్షల్లోనూ అసాధారణులు కారు. గుర్తుపెట్టుకునేటప్పుడు మాత్రం హిప్పోక్యాంపస్‌తో సహా దారి వెతుక్కునే భాగాలు చురుకయ్యాయి. వాళ్లలో దాదాపు అందరూ ఈ దారి పద్ధతినే వాడేవారు.

ఆదివారం ఉదయం ఒక ఇబ్బంది వచ్చింది, నా దృష్టిలో శిబిరం మొత్తంలో ఎక్కువ నేర్పింది అదే. మెదడు నుంచి నేరుగా బయలుదేరే కపాల నాడుల పన్నెండు పేర్లను కూడా అదే దారిలో పెట్టుకోమన్నారు. మధ్యాహ్నానికి వాలీన్ చెప్పవలసిన చోట వేగస్, లైసిన్ చెప్పవలసిన చోట ఫేషియల్ వచ్చి పడ్డాయి. పిల్లల్లో సగం మందికి ఇదే జరిగింది. శిక్షకుడు ఏకాగ్రత లేదని గద్దించాడు. ఏకాగ్రత లోపం కాదది. హిప్పోక్యాంపస్‌లోకి సమాచారం వచ్చే ద్వారం దగ్గర డెంటేట్ గైరస్ అనే మడత ఉంటుంది. అందులోని చిన్న చిన్న రేణు కణాల్లో ఒకసారికి చాలా కొద్ది మాత్రమే స్పందిస్తాయి. అందువల్ల ఒకదానికొకటి దగ్గరగా ఉన్న రెండు అనుభవాలు వేర్వేరు కణాల గుంపులకు చేరి, కలిసిపోకుండా ఉంటాయి. బస్టాండు దగ్గర స్టాండులో నిన్న బండి పెట్టిన చోటు, ఇవాళ పెట్టిన చోటు మనం వేరు చేసి గుర్తుంచుకోవడం దీని చలవే. ఆ పైన సీఏ3 అనే భాగంలోని పిరమిడ్ కణాలు తమలో తాము విస్తారంగా అల్లుకుని ఉంటాయి. ఒక కొస లాగితే మిగతా అల్లిక అంతా కదులుతుంది. బత్తాయి తొక్క వాసన తగిలితే చాలు, మా నాన్నతో మార్కెట్ యార్డులో గడిపిన ఒక ఉదయం మొత్తం నా కళ్ల ముందుకు రావడం దాని పనే. అక్కడి నుంచి సంకేతాలు సీఏ1 అనే పక్క భాగానికి, తరువాత తిరిగి మెదడు పై పొరకు పోతాయి. ఒకే రామాలయాన్ని కొసగా చేసి రెండు జాబితాలు కడితే, ఆ కొస పట్టుకుని లాగినప్పుడు రెండూ కదలడంలో తప్పు పిల్లలది కాదు.

పరిష్కారం కూడా కణాల నుంచే దొరుకుతుంది. ఎలుకను పూర్తిగా వేరే గదిలో వదిలితే, స్థల కణాలు పాత వరుసను పక్కన పెట్టి కొత్త వరుసలో స్పందిస్తాయి. కాబట్టి కొత్త జాబితాకు కొత్త చోటు కావాలి. ఆ సాయంత్రం కపాల నాడులను మేము ఊరి పక్కనున్న పానగల్లు దారికి మార్చాం. పిండంలోని మూడు పొరల నుంచి పుట్టే అవయవాల పట్టికను అక్కడి ఛాయా సోమేశ్వరాలయానికి తరలించాం. మూడు గర్భాలయాలున్న గుడి కనుక ఒక్కో పొరకు ఒక్కో గర్భాలయం. పగలంతా లింగం వెనుక కదలకుండా నిలిచే నీడ నాడీ వ్యవస్థ అని ఆమే తేల్చింది, ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆ తరువాత జాబితాలు కలవలేదు. శిబిరం నిర్వాహకులు ఈ ఒక్క మాట చేర్చుకుంటే వాళ్ల కోర్సు విలువ పెరుగుతుంది: ఒక దారికి ఒకే జాబితా.

పునశ్చరణకు ఇచ్చిన పట్టిక బాగుంది. ఒకటో రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఒకటో రోజు మళ్లీ చూసుకోమన్నారు. ఈ అంకెల్లో మహిమ ఏదీ లేదు గానీ, ఎడం ఇచ్చి చదవడం ఒకే రాత్రి రుబ్బడం కంటే మేలన్నది గట్టిగా నిలబడిన సత్యం. 1973లో టిమ్ బ్లిస్, టెర్యే లోమో కుందేలు హిప్పోక్యాంపస్‌లో నాడీ తంతువులను కొద్ది క్షణాలు వేగంగా ప్రేరేపిస్తే, ఆ తరువాత గంటల తరబడి అక్కడి సైనాప్సులు, అంటే ఒక కణం మరో కణానికి సంకేతం అందించే కూడళ్లు, బలంగా స్పందించడం చూశారు. దాని వెనుక ఉన్న ఏర్పాటు చూడముచ్చటైనది. అవతలి కణం పొర మీద ఆ సంకేతాన్ని అందుకునే ఎన్ఎండీఏ అనే గ్రాహకం ఉంటుంది, దాని రంధ్రానికి మెగ్నీషియం అయాన్ బిరడాలా అడ్డం ఉంటుంది. ఇవతలి కణం గ్లూటమేట్ అనే సంకేత రసాయనాన్ని పంపడం, అదే సమయంలో అవతలి కణం బలంగా ఉత్తేజితమై ఉండడం, ఈ రెండూ కలిసినప్పుడే బిరడా తొలగి కాల్షియం లోపలికి వస్తుంది. ఆ కాల్షియం వల్ల సైనాప్సు దగ్గర మరిన్ని గ్రాహకాలు చేరి, ఆ బంధం గట్టిపడుతుంది. అది గంటలు, రోజులు నిలవాలంటే కణం కొత్త ప్రోటీన్లు తయారు చేసుకోవాలి. దానికి సమయం కావాలి, తొందరపెడితే కాదు.

ఇక్కడే నాకు శిబిరం మీద నిజంగా కోపం వచ్చింది. శనివారం ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు దాకా కూర్చోబెట్టి, ఇంటికి వెళ్లి రాత్రికి వంద పదాల జాబితా పూర్తి చేసి రమ్మన్నారు. మా మనుమరాలు రాత్రి ఒంటి గంట దాకా కూర్చుంది. ఎలుక పగలు నడిచినప్పుడు కలిసి స్పందించిన స్థల కణాలే, ఆ తరువాత నిద్రలోనూ కలిసి స్పందిస్తున్నాయని విల్సన్, మెక్‌నాటన్ 1994లో చూపారు. పగటి దారిని ఎలుక మెదడు నిద్రలో మళ్లీ నడుస్తోందన్నమాట. హిప్పోక్యాంపస్ తన లెక్కను పై పొరలకు అప్పగించే పని ఎక్కువగా జరిగేది గాఢ నిద్రలోనే. జ్ఞాపకశక్తి నేర్పుతామని డబ్బు తీసుకుని ఆ రాత్రి నిద్ర తగ్గించడం, నాట్లు వేసిన రోజే మడిలో నీళ్లు తీసేయడం లాంటిది.

లండన్ టాక్సీ డ్రైవర్ల కథను కూడా వాడుకున్నారు. పాతిక వేల వీధులు కంఠస్థం చేసే ఆ డ్రైవర్లలో హిప్పోక్యాంపస్ వెనుక భాగం పెద్దదిగా ఉందని మాగ్వైర్ 2000లో చూపిన మాట నిజమే. అయితే ఆ పరీక్షకు సిద్ధం కావడానికి వాళ్లకు మూడు, నాలుగేళ్లు పడుతుందనీ, అదే డ్రైవర్లలో ముందు భాగం కొంత చిన్నదిగా కనిపించిందనీ శిక్షకుడు చెప్పలేదు. ‘మీలోనూ రెండు రోజుల్లో పెరుగుతుంది’ అన్నది అతని సొంత కల్పన. అలాగే హిప్పోక్యాంపస్‌లో రోజుకు 700 కొత్త కణాలు పుడతాయని అతను చెప్పిన అంకె 2013లో వచ్చిన ఒక అంచనా నుంచి తీసుకున్నది. 2018లో మరో బృందం పెద్దవారి హిప్పోక్యాంపస్‌లో కొత్త కణాల జాడే దొరకలేదని ప్రకటించింది, మరుసటి ఏడే ఇంకో బృందం దొరికాయని చెప్పింది. తేలని వ్యాజ్యాన్ని తీర్పుగా చదివి వినిపించడం పిల్లలకు మంచి పాఠం కాదు.

పెద్దల తరగతి గురించి ఎక్కువ రాయడానికి ఏమీ లేదు. గంటన్నర అన్నది నలభై నిమిషాల్లో ముగిసింది. అల్జీమర్స్ వ్యాధిలో నష్టం తొలినాళ్లలోనే హిప్పోక్యాంపస్ పరిసరాలకు చేరుతుందని, అందుకే రోగులు కొత్త సంగతులు మరిచిపోవడం, తెలిసిన దారిలో తప్పిపోవడం ముందుగా కనిపిస్తాయని సరిగానే చెప్పారు. రోజూ నడవమన్నారు, అదీ మంచి మాటే. కానీ మతిమరుపు కనిపిస్తే వైద్యుణ్ణి చూడాలని, థైరాయిడ్, బీ12 లోపం లాంటి నయం చేయగల కారణాలు కూడా ఉంటాయని ఒక్కసారైనా చెప్పకుండా నేరుగా తాము అమ్ముతున్న జ్ఞాపకశక్తి మందు సీసా దగ్గరికి వెళ్లారు.

ఆ సీసా ధర 890 రూపాయలు. లేబుల్ మీద బ్రహ్మి అని ఉంది. బ్రహ్మి అన్న పేరును మన దేశంలో రెండు వేర్వేరు మొక్కలకు వాడతారు. నీళ్ల ఒడ్డున పెరిగే బకోపా ఒకటి, మనం సరస్వతి ఆకు అనే సెంటెల్లా రెండోది. సీసాలో ఏది ఉందో, ఎంత మోతాదులో ఉందో లేబుల్ చెప్పదు. బకోపా మీద జరిగిన కొన్ని పరీక్షల్లో పన్నెండు వారాల వాడకం తరువాత కొద్దిపాటి మేలు కనిపించింది. వాళ్లు అన్నట్టు పది రోజుల్లో ర్యాంకు వస్తుందని ఏ పరీక్షా చెప్పలేదు. సీసా కొనని పిల్లలకు సర్టిఫికెట్టు ఆలస్యంగా ఇవ్వడం చూసి నేను అడిగాను, వెంటనే ఇచ్చారు.

డబ్బు లెక్కలో చూస్తే, దారి పద్ధతి నేర్పిన శనివారం మధ్యాహ్నపు రెండు గంటలకు వెయ్యి రూపాయలు ఇచ్చినా తప్పు లేదు. మిగతా రెండున్నర వేలు హాలు అద్దెకు, మైకుకు, మధ్యాహ్నం పెట్టిన పులిహోరకు పోయాయనుకోవాలి. పులిహోర బాగుంది. సౌండ్ బాక్సులు మాత్రం వెనుక వరుసల వారికి వినిపించలేదు, మూత్రశాలల్లో ఆదివారం నీళ్లు లేవు. పేర్లు, జాబితాలు, వర్గీకరణలు ఎక్కువ ఉన్న బైపీసీ పిల్లలకు ఈ పద్ధతి పనికి వస్తుంది. ఫిజిక్సు లెక్కకు, ఆర్గానిక్ కెమిస్ట్రీలో చర్య ఎలా నడుస్తుందో అర్థం చేసుకోవడానికి రాదు. ఆ విషయం అడిగిన ఎంపీసీ అబ్బాయికి శిక్షకుడు సూటిగా జవాబు చెప్పలేదు. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో కొత్తవారికి ఈ పద్ధతిని రోజుకు అరగంట చొప్పున ఆరు వారాలు నేర్పితే, నాలుగు నెలల తరువాత కూడా ఫలితం చాలా వరకు నిలిచింది. కాబట్టి రెండు రోజుల శిబిరాన్ని ఆరంభంగానే తీసుకుని, ఆ ఆరు వారాలూ ఇంట్లో చేయించే ఓపిక ఉన్నవాళ్లే డబ్బు కట్టడం మంచిది. మేము చేయించాం. సీసా కొనలేదు, రాత్రి పదిన్నరకు దీపం ఆర్పించాం.

ఫిబ్రవరిలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా దారిలోని ఏడో చోటు, ఆ కిరాణా దుకాణం ముందు భాగం, లైసెన్సు ఫ్రేముతో సహా పోయింది. ఇప్పుడక్కడ కంకర కుప్ప ఉంది. ఏడో అమైనో ఆమ్లం ఏదని అడిగితే మా మనుమరాలు ఇప్పటికీ తడుముకోకుండా లైసిన్ అంటుంది, ఆమె దారిలో ఆ దుకాణం తెరిచే ఉంది. రోజూ ఉదయం నడకకు వెళ్లే నేను మాత్రం ఆ మలుపు దగ్గర ఇంకా ఒకసారి ఆగి, ఎటు తిరగాలో చూసుకోవలసి వస్తోంది.